క్లోరిన్‌లో 18.5 న్యూట్రాన్లు ఎట్ల ఉంటాయి? (తుమ్మలపల్లె యురేనియం మీద కూడా ఒక డౌటు)

వేంపల్లె ట్యూషన్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. పదో తరగతి, ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు పరమాణు నిర్మాణం చెప్తున్నా. మూడు చోట్ల గట్టిగా పట్టుకున్నారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఒకటి. ఆవర్తన పట్టికలో క్లోరిన్ కింద 35.5 అని ఉంది. ద్రవ్యరాశి సంఖ్యలోంచి పరమాణు సంఖ్య తీసేస్తే న్యూట్రాన్లు అని మనమే చెప్తాం. 35.5 లోంచి 17 తీస్తే 18.5. "అర న్యూట్రాన్ యాడుంటుంది సార్?" అంటున్నారు. అది సగటు అని చెప్పినా. అయితే లెక్క వేసి చూపిద్దామని 35ను 75.77 శాతంతో, 37ను 24.23 శాతంతో గుణించి కలిపితే 35.48 వస్తాంది. పుస్తకంలో 35.453 ఉంది. నేను తప్పు చేసింది ఎక్కడ?

రెండు. మన తుమ్మలపల్లె గనిలో వచ్చేది యురేనియం-235నా, 238నా? రెండూ వేరే వేరే అయినప్పుడు ఏదో ఒక ఆసిడ్‌లో వేస్తే ఒకటి కరిగి ఇంకోటి అడుగున మిగలొచ్చు గదా?

మూడు. ఐసోటోప్ (ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరుగా ఉన్న పరమాణువు) అంటే రేడియోధార్మిక పదార్థం అని సగం మంది పిల్లలు రాసినారు. ఆ ఆలోచన పోగొట్టడానికి వాళ్లకు తెలిసిన ఉదాహరణ ఏమన్నా ఉందా?

---

పెన్న ఒడ్డు:

మొదటి ప్రశ్నకు నేను రాస్తా, గని సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు.

పిల్లలు పట్టుకున్నది సరైన చోటే. గొడవంతా మనం మూడు వేర్వేరు సంఖ్యలను ఒకే పేరుతో పిలవడం వల్ల వస్తుంది.

ద్రవ్యరాశి సంఖ్య అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో తలలు లెక్కపెట్టడం. ఎప్పుడూ పూర్ణాంకమే. క్లోరిన్‌కు 35 గానీ 37 గానీ. ఇందులోంచి 17 తీస్తే 18 లేదా 20 న్యూట్రాన్లు. 19 న్యూట్రాన్లు ఉన్న క్లోరిన్-36 కూడా ఉంది కానీ అది రేడియోధార్మికం, ప్రకృతిలో అతి సూక్ష్మంగా మాత్రమే దొరుకుతుంది.

రెండోది ఆ ఒక్క పరమాణువు నిజమైన ద్రవ్యరాశి. తూకం అనుకోండి. క్లోరిన్-35 తూకం సరిగ్గా 35 కాదు, 34.969. క్లోరిన్-37ది 36.966.

మూడోది పట్టికలో అచ్చువేసేది. సీసాలో ఉన్న కోట్లాది పరమాణువుల సగటు తూకం. 35.45 తూగే క్లోరిన్ పరమాణువు ఈ లోకంలో ఒక్కటి కూడా లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, పక్కింట్లో ముగ్గురు ఉంటే సగటు రెండున్నర. అట్లని అర పిల్లోడు ఎవరింట్లోనూ ఉండడు గదా.

మీ లెక్కలో తప్పు ఏందంటే మొదటి సంఖ్యను తీసుకుపోయి రెండోదాని చోట పెట్టినారు. తూకాలతో వేయండి:

34.969 × 0.7577 = 26.496
36.966 × 0.2423 = 8.957
మొత్తం 35.453

పుస్తకంలో ఉన్నది అదే.

ఇప్పుడు తెలివైన పిల్లోడు ఒకడు లేచి "తూకం 35 కంటే తక్కువ ఎందుకుంది?" అని అడుగుతాడు. దానికి సిద్ధంగా ఉండండి, ఈ పాఠంలో రుచి ఉన్నది అక్కడే. 17 హైడ్రోజన్ పరమాణువులు (అంటే 17 ప్రోటాన్లు, 17 ఎలక్ట్రాన్లు), 18 న్యూట్రాన్లు విడివిడిగా తూచితే:

17 × 1.00783 + 18 × 1.00867 = 35.289

అవన్నీ కలిసి క్లోరిన్-35 అయ్యాక 34.969. అంటే 0.320 యూనిట్లు తగ్గింది. కేంద్రకం కట్టుకునేటప్పుడు ఆ ద్రవ్యరాశి శక్తిగా బయటికి పోయింది. ఒక యూనిట్‌కు 931.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు చొప్పున వేస్తే దాదాపు 298, దాన్ని 35తో భాగిస్తే కణానికి 8.52. ఆ శక్తి తిరిగి ఇస్తే తప్ప ఆ కేంద్రకం విడిపోదు.

అయితే 35 కంటే తక్కువ కావడానికి ఇది సగం కారణమే. మన కొలబద్ద కార్బన్-12. దాన్ని సరిగ్గా 12 అని మనమే పెట్టుకున్నాం. అది కూడా కట్టుకునేటప్పుడు కణానికి 7.68 పోగొట్టుకున్నదే. క్లోరిన్ అంతకంటే ఎక్కువ పోగొట్టుకుంది కాబట్టి పూర్ణాంకం కంటే కిందికి దిగింది. యురేనియం-238 కణానికి 7.57 మాత్రమే పోగొట్టుకుంది కాబట్టి 238.051, పూర్ణాంకం కంటే పైన ఉంది. ఈ రెండు పక్కపక్కన బోర్డు మీద రాస్తే సూత్రం కంటికి కనిపిస్తుంది.

ఇంకో మాట. ఇదే లెక్కను తిప్పి అడిగితే నష్టం ఇంకా ఎక్కువ. రాగి సగటు 63.55, ఐసోటోపులు 63, 65, శాతాలు కనుక్కో అని ఇస్తారు. 63 వంతు x అనుకుని పూర్ణాంకాలు పెడితే:

65 − 2x = 63.55, x = 0.725

అసలు తూకాలు 62.93, 64.93 పెడితే:

64.93 − 2x = 63.55, x = 0.69

నిజమైన జవాబు 69 శాతం. పైన తేడా చిన్నదే, 0.07. కానీ దాన్ని 2తో భాగించేసరికి మూడున్నర శాతం తేడా పడింది. ప్రశ్నలో తూకాలు ఇవ్వకపోతే పూర్ణాంకాలతోనే చేయమనండి, వేరే దారి లేదు. ఇస్తే మాత్రం వాటిని గుండ్రం చేయొద్దని రెండుసార్లు చెప్పండి.

---

గుత్తి కోట:

రెండో ప్రశ్న. తుమ్మలపల్లె రాయిలో రెండూ ఉంటాయి, ఏ గనిలోనైనా అంతే. నూరు యురేనియం పరమాణువుల్లో 99.27 యురేనియం-238, 0.72 యురేనియం-235, మిగిలిన పిసరంత 234. మూడింటికీ ప్రోటాన్లు 92. న్యూట్రాన్లు 146, 143, 142.

ఆసిడ్‌తో ఎందుకు విడిపోవంటే, ఆసిడ్‌కు కనిపించేది పరమాణువు పైపొర ఒక్కటే. కరగడం, తుప్పు పట్టడం, రంగు మారడం అంతా ఎలక్ట్రాన్ల వ్యవహారం. 92 ప్రోటాన్లు ఉంటే 92 ఎలక్ట్రాన్లు, అవే కర్పరాలు, అదే అమరిక. లోపల మూడు న్యూట్రాన్లు ఎక్కువున్న సంగతి బయట ఉన్న ఆసిడ్‌కు తెలిసే దారి లేదు.

తుమ్మలపల్లెలో అసలు ఆసిడే వాడరు. అక్కడి రాయి డోలమైట్ జాతి, సున్నపురాయికి తమ్ముడు. వంటింటి కడప బండ మీద బాత్‌రూం ఆసిడ్ చుక్క పడితే బుసబుస పొంగి మచ్చ పడుతుంది చూసినారా, ఆ పనే లారీలకొద్దీ రాయితో జరుగుతుంది. పోసిన ఆసిడ్ అంతా రాయే తాగేస్తుంది, యురేనియం వంతుకు మిగలదు. అందుకే పొడి చేసిన రాయిని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో వేడి, ఒత్తిడి, ఆక్సిజన్ పెట్టి యురేనియాన్ని లాగుతారు. తర్వాత కాస్టిక్ సోడా వేసి సోడియం డైయురనేట్‌గా అడుగుకు దింపుతారు. జార్ఖండ్ జాదుగూడ రాయి వేరే రకం, అక్కడ సల్ఫ్యూరిక్ ఆసిడ్ నడుస్తుంది. రెండు చోట్లా వచ్చే యురేనియంలో 235 వంతు మాత్రం అదే 0.72.

పిల్లలకు ఒక లెక్క ఇవ్వండి. రాయిలో యురేనియం ఆక్సైడ్ 0.04 శాతం అనుకుంటే, ఒక టన్ను రాయికి 400 గ్రాముల ఆక్సైడ్. ఆ ఆక్సైడ్‌లో మూడు యురేనియం పరమాణువులకు ఎనిమిది ఆక్సిజన్లు. 3 × 238 = 714, 8 × 16 = 128, మొత్తం 842. అంటే యురేనియం వంతు 714/842, ఆ 400 గ్రాముల్లో సుమారు 339 గ్రాములు. దాన్ని 0.0072తో గుణిస్తే 2.4 గ్రాములు. ఒక టన్ను రాయిని పిండి చేస్తే యురేనియం-235 అర చెంచా కూడా నిండదు.

మరి విడగొట్టాల్సిన వాళ్లు ఏం చేస్తారంటే, తూకంలో తేడాను పట్టుకుంటారు. యురేనియాన్ని ఫ్లోరిన్‌తో కలిపి హెక్సాఫ్లోరైడ్ చేస్తారు, మామూలు ఒత్తిడిలో 56.5 డిగ్రీలకే ఘనం నుంచి నేరుగా వాయువు అవుతుంది. ఒక అణువు 349, ఇంకోటి 352. వాయువులో అణువుల సగటు వేగం తూకం వర్గమూలానికి విలోమం. √(352/349) = 1.0043. వేగంలో తేడా అర శాతం కూడా లేదు. తూకంలో తేడా ఇంత తక్కువ కాబట్టి ఒకసారి తిప్పితే చాలదు, సెంట్రిఫ్యూజ్ (వాయువును అతివేగంగా గిరగిరా తిప్పే యంత్రం) తర్వాత సెంట్రిఫ్యూజ్ గొలుసుగా పెట్టాలి.

ఇక్కడ ఫ్లోరిన్‌నే ఎంచుకోవడంలో ఒక చమత్కారం ఉంది. ఫ్లోరిన్‌కు ప్రకృతిలో ఒకటే ఐసోటోప్, 19. అదే క్లోరిన్ వాడి ఉంటే 35లు, 37లు కలగాపులగంగా అతుక్కుని, తూకంలో తేడా యురేనియం వల్లా క్లోరిన్ వల్లా తేలక గందరగోళం అయ్యేది. అనంతపురం బోర్లలో పళ్లు గారబట్టించే ఫ్లోరైడ్‌లో ఉన్నది కూడా ఆ ఒక్క ఐసోటోపే.

మన దేశంలో ఎక్కువ రియాక్టర్లకు (కైగా, కాక్రపార, రావత్‌భాటా) ఈ విడగొట్టే పనే అక్కర్లేదు, 0.72 శాతంతోనే నడుస్తాయి. బదులుగా భారజలం (మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీరు) కావాలి. మామూలు నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్లను మింగేస్తుంది. దానికన్నా ఒక న్యూట్రాన్ ఎక్కువున్న డ్యుటీరియం దాదాపు మింగదు, నెమ్మదింపజేసి వదులుతుంది. చూడండి, ఒకవైపు యురేనియం ఐసోటోపులు విడగొట్టే శ్రమ తప్పించుకుని, ఇంకోవైపు హైడ్రోజన్ ఐసోటోపులు విడగొట్టే శ్రమ నెత్తిన పెట్టుకున్నాం. మణుగూరు భారజల కర్మాగారం చేసే పని అదే.

---

పెన్న ఒడ్డు:

గుత్తి కోట అన్నా, చిన్న సవరణ. 0.72 అనేది పరమాణువుల లెక్కలో శాతం, తూకంలో కాదు. తూకంలో అయితే 0.72 × 235 / 238.03 = 0.711. మీ జవాబు రెండు విధాలా 2.4 గ్రాములే, కాబట్టి నష్టం లేదు. కానీ భారజలం దగ్గర ఇదే పొరపాటు చేస్తే దెబ్బ పడుతుంది. హైడ్రోజన్ పరమాణువుల్లో డ్యుటీరియం 0.0156 శాతం, తూకంలో దానికి దాదాపు రెట్టింపు. "శాతం" అని కనిపించగానే దేనిలో శాతం అని అడగడం పిల్లలకు అలవాటు చేయాలి.

ఇంకోటి, "ఆసిడ్‌కు తెలిసే దారి లేదు" అన్నది యురేనియం వరకు సరే. హైడ్రోజన్ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నిలవదు. 235కూ 238కూ తేడా ఒక శాతం పైచిలుకు, 1కీ 2కీ తేడా రెట్టింపు. అందుకే భారజలం 3.8 డిగ్రీలకే గడ్డకడుతుంది, 101.4కు మరుగుతుంది, సాంద్రత దాదాపు 1.1. నీటిని విద్యుత్ విశ్లేషణ చేస్తే తేలిక హైడ్రోజన్ ముందు పోతుంది, మిగిలిన నీటిలో డ్యుటీరియం వంతు పెరుగుతుంది. "ఐసోటోపుల రసాయన ధర్మాలు ఒకటే" అని పరీక్షలో రాయించండి, హైడ్రోజన్ మినహా అని చెవిలో వేయండి.

---

గుత్తి కోట:

ఒప్పుకుంటున్నా. 0.711 పెట్టుకోండి.

---

బుడ్డల బస్తా:

మూడోదానికి ఉదాహరణ చేతిలోనే ఉంది.

ముందు రేడియోధార్మికం కానివి చెప్పండి. క్లోరిన్ 35, 37 రెండూ స్థిరం. రాగి 63, 65 రెండూ స్థిరం. తగరానికి ఏకంగా పది స్థిర ఐసోటోపులు. అంటే మీ ఉప్పు డబ్బా, రాగి చెంబు, పాత గిన్నెకు పూసిన కళాయి అన్నీ ఐసోటోపుల మిశ్రమాలే. ఐసోటోప్ అనేది చుట్టరికం పేరు, జబ్బు పేరు కాదు.

తర్వాత శెనక్కాయలు చూపించండి (మా కర్నూలు వైపు బుడ్డలంటాం). 100 గ్రాముల విత్తనాల్లో సుమారు 0.7 గ్రాముల పొటాషియం ఉంటుంది. పొటాషియంలో 39, 41 స్థిరం. 0.0117 శాతం మాత్రం పొటాషియం-40, అది రేడియోధార్మికం, అర్ధజీవిత కాలం (ఉన్నదాంట్లో సగం విఘటనం కావడానికి పట్టే కాలం) సుమారు 125 కోట్ల ఏళ్లు. ఒక గ్రాము పొటాషియంలో సెకనుకు 31 దాకా పరమాణువులు విఘటనం అవుతాయి. అంటే ఆ గుప్పెడు బుడ్డల్లో సెకనుకు ఇరవై పైచిలుకు. భయపడేది ఏమీ లేదు. మన ఒంట్లోనే అంతకంటే చాలా ఎక్కువ పొటాషియం ఉంది, తిన్న దాంట్లో అదనంగా ఉన్నది మూత్రంలో పోతుంది.

ఈ పొటాషియం-40తో ఇంకో పాఠం కూడా అయిపోతుంది. ఇందులో 89 శాతం కాల్షియం-40గా, 11 శాతం ఆర్గాన్-40గా మారుతుంది. ఆర్గాన్, పొటాషియం, కాల్షియం మూడూ 40, ప్రోటాన్లు మాత్రం 18, 19, 20. ఇవి ఐసోబార్లు. ఐసోటోపుకూ ఐసోబారుకూ తేడా దీనికంటే శుభ్రంగా చూపించే ముగ్గురు దొరకరు. ఇక గాలిలోని ఆర్గాన్‌లో 99.6 శాతం ఇట్ల రాళ్లలోని పొటాషియం నుంచి వచ్చిన 40నే. అందుకే పట్టికలో ఆర్గాన్ 39.95, దాని తర్వాతి పొటాషియం 39.10. బరువు ప్రకారం పేరిస్తే ఇద్దరి చోట్లూ తారుమారు. 1913లో మోస్లే ఎక్స్ కిరణాలతో కొలిచి, వరసకు ఆధారం బరువు కాదు, పరమాణు సంఖ్య అని తేల్చాడు.

---

వేంపల్లె ట్యూషన్:

చాలా థ్యాంక్స్ అన్నా అందరికీ. 35.48 ముడి విడిపోయింది.

ఇంకో రెండు. కేంద్రకం పరమాణువులో లక్షో వంతు అని ఒక పుస్తకంలో, పదివేల వంతు అని ఇంకో దాంట్లో ఉంది. ఏది చెప్పాలి? రెండోది, మా పక్క బోరు నీళ్లలో యురేనియం గురించి పిల్లల ఇండ్లలో భయం ఉంది. కాచి తాగితే పోతుందా అని అడుగుతున్నారు.

---

పెన్న ఒడ్డు:

వంతు మూలకాన్ని బట్టి మారుతుంది. హైడ్రోజన్ కేంద్రక వ్యాసార్థం 0.84 ఫెమ్టోమీటర్లు, పరమాణువుది 53 పికోమీటర్లు (ఒక పికోమీటరు అంటే వెయ్యి ఫెమ్టోమీటర్లు). అరవై మూడు వేల వంతు. బంగారానికి కేంద్రక వ్యాసార్థాన్ని 1.2 × ద్రవ్యరాశి సంఖ్య ఘనమూలం అనే సూత్రంతో వేయండి. 197 ఘనమూలం 5.82, వ్యాసార్థం దాదాపు 7 ఫెమ్టోమీటర్లు. పరమాణువు 144 పికోమీటర్లు. ఇరవై వేల వంతు. "పదివేల నుంచి లక్ష వంతు" అని చెప్తే ఎవరూ తప్పు పట్టరు.

కొర్ర గింజను కేంద్రకం అనుకోండి, అడ్డం 2 మిల్లీమీటర్లు. బంగారం పరమాణువు 40 మీటర్ల వెడల్పు. హైడ్రోజన్ అయితే 126 మీటర్లు. బడి మైదానంలో అడుగులేసి చూపించొచ్చు. ఒక్క హెచ్చరిక: ఇది అడ్డం కొలత. లక్ష వంతు అంటే ఘనపరిమాణంలో 10¹⁵ వంతు. దీన్ని కలిపేసి రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

---

బుడ్డల బస్తా:

నీళ్ల సంగతి. కాచితే పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది, యురేనియం గిన్నెలోనే ఉంటుంది, అంటే లీటరుకు ఇంకొంచెం చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా పోదు, అది ఎక్కువగా కార్బొనేట్‌తో కలిసి నీటిలో కరిగి ఉంటుంది. ఆర్‌ఓ యంత్రం చాలా వరకు తీసేస్తుంది, మెంబ్రేన్ మంచిగా ఉంటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. భయంతో ఊహించుకోవడం కంటే నీళ్లు ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఈ సంఖ్యతో పోల్చుకోవడం మేలు.

మీ పాఠానికి పనికొచ్చే మాట ఏందంటే, నీటిలోని సహజ యురేనియం మొదట దెబ్బతీసేది మూత్రపిండాలను, అదీ రసాయన విషంగా. సీసం ఎట్లనో అట్ల. అందుకే ఆ హద్దును మైక్రోగ్రాముల్లో పెట్టినారు. 235నా 238నా అని మూత్రపిండం అడగదు, దానికి కూడా కనిపించేది ఎలక్ట్రాన్లే.

---

గుత్తి కోట:

చివరగా ఒక లెక్క, ఇంటర్ పిల్లలకు హోంవర్కుగా ఇవ్వండి. తుమ్మలపల్లె యురేనియం ఉన్న వేంపల్లె రాళ్లు సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి. యురేనియం-235 అర్ధజీవిత కాలం 70.4 కోట్ల ఏళ్లు, 238ది 447 కోట్లు. అప్పట్లో 235 ఎంత శాతం ఉండేది?

వెనక్కి పోతున్నాం కాబట్టి భాగించకూడదు, గుణించాలి. సగం మంది తప్పేది ఇక్కడే. 190/70.4 = 2.70 అర్ధజీవితాలు, 2ను ఆ ఘాతానికి వేస్తే 6.5. 0.72 × 6.5 = 4.7. 238కి 190/447 = 0.425, అది 1.34 రెట్లు. 99.27 × 1.34 = 133. ఇప్పుడు 4.7ను మొత్తం 137.7తో భాగిస్తే 3.4 శాతం. రెండో తప్పు ఇది: 4.7నే జవాబుగా రాసేస్తారు, 238 కూడా అప్పుడు ఎక్కువే ఉండేదన్న సంగతి మరిచిపోయి.

3.4 శాతం అంటే ఈనాటి మామూలు నీటి రియాక్టర్లకు విడగొట్టి తయారుచేసుకునే స్థాయి. ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో అనే చోట అంత పాత చిక్కటి ఖనిజంలో, నీళ్లు చేరి, మనిషి లేకుండానే గొలుసు చర్య నడిచింది. 1972లో అక్కడి యురేనియంలో 235 ఉండాల్సినంత లేదని కనిపెట్టి ఆ సంగతి పట్టుకున్నారు. "మరి మన వేంపల్లెలో ఎందుకు నడవలేదు?" అని ఎవరైనా అడిగితే, పైన వేసిన 0.04 శాతం లెక్క దగ్గరికి తీసుకుపోండి. ఒక యురేనియం పరమాణువు నుంచి బయటపడ్డ న్యూట్రాన్‌కు ఇంకో యురేనియం తగిలే లోపల చుట్టూ ఉన్నదంతా రాయే.